"మా చర్చికి రండి, పనులవుతాయి": ఇది సువార్తేనా?



పోయిన వారం మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు సభల ఫ్లెక్సీ డిజైన్ మా ఫోనుకి పంపాడు. "అయ్యగారూ, చూసి ఓకే అంటే ప్రింటింగుకి ఇచ్చేస్తాం" అన్నాడు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చేయించాడట. రంగులు బాగున్నాయి. మధ్యలో మా ఫొటో ఉంది, మనిషి ఎత్తున. పక్కన పెద్ద అక్షరాలతో వరసగా రాశారు: రోగాల నుండి స్వస్థత, అప్పుల నుండి విడుదల, సంతానం, వివాహం, ఉద్యోగం, వీసా. కింద "రండి, మీ పనులు జరుగును" అని ఉంది.

నాలుగుసార్లు చదివాం. పాపం అనే మాట ఎక్కడా లేదు. సిలువ బొమ్మ ఉంది గాని సిలువ మీద ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. మారుమనస్సు లేదు, పునరుత్థానం లేదు, నిత్యజీవం లేదు. యేసు పేరు ఉంది, మా పేరు కంటే చిన్న అక్షరాల్లో.

ఆ తమ్ముణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇన్నేళ్లూ మా నోట విన్నదే అతను ఫ్లెక్సీ మీదికి ఎక్కించాడు. ఓకే అనలేదు, వద్దనీ అనలేదు. వారం రోజులు ఆలోచించి ఈ జవాబు రాస్తున్నాం. కొంచెం కటువుగా ఉంటుంది. ముందు మమ్మల్ని మేమే కొట్టుకుంటూ రాస్తున్నాం గనుక ఓపికతో చదవండి.

మేము చెప్పదలచింది ఒక్కటే. పనులవుతాయని ఆశపెట్టి ఒక మనిషిని మందిరానికి తీసుకొచ్చి, అతని చావు గురించి, తీర్పు గురించి, క్రీస్తు సంపాదించి పెట్టిన నిత్యజీవం గురించి చెప్పకుండా పంపిస్తే మనం అతనికి సువార్త చెప్పినట్టు కాదు. అతనికి రావలసినదాన్ని మనమే దాచేసినట్టు.

ఆ మంచం పక్కన ఎనిమిది నెలలు

మీలో చాలామందికి తెలిసిన సంగతే. పేర్లు చెప్పం.

కొన్నేళ్ల కిందట ఒక చెల్లెమ్మ మన ఉపవాస కూడికకు వచ్చింది. వాళ్లది విశ్వాసుల కుటుంబం కాదు. భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఒంగోలు తీసుకెళ్లి డయాలసిస్ చేయించుకుని రావాలి. పొగాకు చేలల్లో కూలికి వెళ్లి బతికే ఇల్లు. మన సంఘంలోని ఒక అక్క ఆమెతో, "మా చర్చికి రా అమ్మా, తప్పకుండా పనవుతుంది" అని చెప్పి తీసుకొచ్చింది.

మేము వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టాం. ఎనిమిది నెలలు వెళ్లాం. ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పెట్టాం. ఒక ఆదివారం ఆరాధనలో, "ఈ సహోదరుణ్ణి ప్రభువు లేపబోతున్నాడు, నమ్మినవాళ్లు ఆమేన్ చెప్పండి" అని మేమే అన్నాం. మందిరం దద్దరిల్లింది. ఆ చెల్లెమ్మ ఏడుస్తూ చేతులెత్తింది.

ఒక సాయంత్రం మేము వెళ్లేసరికి ఆమె ఇంట్లో లేదు. ఆయన ఒక్కడే మంచం మీద ఉన్నాడు. కాసేపు మా ముఖం వంక చూసి అడిగాడు: "అయ్యగారూ, చచ్చిపోతే ఏమవుద్దంటారు?"

దేవుని బిడ్డలారా, సెమినరీలో చదువుకున్నాం. రక్షణ సిద్ధాంతం మీద పరీక్ష రాసి డిప్లొమా తెచ్చుకున్నాం. అలాంటి మాకు ఒక మనిషి తనంతట తాను తలుపు తీసి, లోపలికి రమ్మన్నాడు. ఆ ప్రశ్న కోసమే మమ్మల్ని దేవుడు ఎనిమిది నెలలు ఆ ఇంటికి నడిపించాడేమో. మేము ఏమన్నామో తెలుసా? "అట్టాంటి మాటలు మాట్లాడకూడదయ్యా, అది అవిశ్వాసం. నువ్వు లేస్తావు" అన్నాం. కిడ్నీల కోసం ప్రార్థన చేసి వచ్చేశాం.

మూడు వారాలకు ఆయన చనిపోయాడు.

భూస్థాపనలో ఏం చెప్పామో ఇప్పుడు గుర్తు లేదు. ఆ తర్వాత చెల్లెమ్మ అడిగిన రెండు ప్రశ్నలు మాత్రం గుర్తున్నాయి. మొదటిది: "నా నమ్మకం చాల్లేదంటారా అయ్యగారూ?" రెండోది: "ఆయన ఎక్కడున్నాడు? మీరు ఆయనకేమన్నా చెప్పారా?"

మేము తల దించుకున్నాం. ఎనిమిది నెలల్లో ఆయనకు కిడ్నీల గురించి చెప్పాం. క్రీస్తు గురించి చెప్పలేదు. ఆ చివరి మూడు వారాల్లో ఆయన మనసులో ఏం జరిగిందో దేవునికే తెలుసు, ఆయన కృపకు మేము హద్దులు గీయలేం. కానీ మా పని మేము చేయలేదన్న సంగతి మాత్రం మాకు తెలుసు.

ధాత కరువులో మూసిన తలుపు

"అయ్యగారూ, అవసరంలో ఉన్నవాళ్లే కదా వచ్చేది? అవసరాన్ని పట్టుకునే కదా చెప్పాలి?" అంటారు. ఈ మాటకు జవాబు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మన గుండ్లకమ్మ ఒడ్డుకే వెళదాం.

మన తాతముత్తాతలకు సువార్త ఎలా వచ్చిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అమెరికన్ బాప్టిస్టు మిషనువాళ్లు 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చారు. ఏళ్ల తరబడి ఫలితం దాదాపు కనబడలేదు. మిషను మూసేద్దామా అని అక్కడివాళ్లు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఉన్నదంతా ఐదుగురు. తర్వాత 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద, ముందుగా నమ్మి తనవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన పిలిస్తే క్లౌ గారు 1867 మొదట్లో ఆ ఊరు వెళ్లారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ రోజుల్లో నమ్మినవాళ్లకు ఏం వాగ్దానం చేశారో చూడండి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నారు. ఊరి మోతుబరుల పొలాల్లో బతికే కూలివాడికి ఈ మూడూ కడుపు మీద దెబ్బలే. జాతరకు డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం పనికి రానన్నందుకు పల్లెలు వెలికి గురయ్యాయి. పనులవుతాయని కాదు, ఉన్న పనులు పోతాయని తెలిసే మన పెద్దలు క్రీస్తును నమ్మారు.

ఆ తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లు వానలు లేవు. కరువు వెంబడి కలరా వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. క్లౌ గారికి సర్వే పని తెలుసు. ఆయన 3.5 మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి మోయించారు. పొద్దుగూకాక కూలివాళ్ల పక్కన కూర్చుని యేసు గురించి చెప్పారు.

విన్నవాళ్లు ఊరుకోలేదు. "మాకు బాప్తిస్మం ఇవ్వండి" అని అడిగారు. ఇప్పుడైతే ఏం చేస్తాం? వీడియో తీయమూ? మైకు పట్టుకుని లెక్క చెప్పమూ? క్లౌ గారు మాత్రం వద్దన్నాడు. చేతిలో కూలి డబ్బులు ఉన్నంతకాలం బాప్తిస్మం ఇవ్వనన్నాడు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, దాదాపు 15 నెలలు ఆ తలుపు మూసి ఉంచాడు. అన్నం కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలంటే అన్నం ఆగిపోయాకే తేలాలి.

1878 జూన్‌లో సహాయం పనులు ముగిశాయి. ఇక పంచడానికి ఏమీ లేదు. అప్పుడు జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు ఇద్దరుగా వంతులు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. క్లౌ గారు తాను నీళ్లలోకి దిగలేదు.

2,222 అనే అంకె మనందరికీ ఇష్టం. సభల్లో చెప్పుకుంటాం. 15 నెలలు అనే అంకె మాత్రం ఎవరూ చెప్పరు. ఆ 15 నెలలు లేకపోతే ఈ 2,222కి విలువ ఏముంది? "కూటి కోసం కలిసినవాళ్లు" అనే నింద అప్పుడూ తప్పలేదు. కానీ ఆ నింద వేసినవాళ్లకు చూపించడానికి మన పెద్దల దగ్గర 15 నెలల ఆకలి ఉంది. మన దగ్గర ఏముంది? ఫ్లెక్సీ ఉంది.

ఇంకో సంగతి కూడా మరచిపోవద్దు. క్లౌ గారు, "ఆత్మలే ముఖ్యం, కడుపు సంగతి మాకెందుకు" అనలేదు. కాంట్రాక్టు తీసుకుని మరీ పని కల్పించాడు. అడిగిన ప్రతివాడికీ, నమ్మినా నమ్మకపోయినా. అన్నాన్ని అన్నంగా పెట్టాడు. సువార్తను సువార్తగా చెప్పాడు. ఒకదాన్ని ఇంకోదానికి ఎరగా కట్టలేదు. మనం ఈ రెండూ పోగొట్టుకున్నాం. అన్నం పెట్టడం మానేసి, పెడతామని ఆశ చూపించడం మిగుల్చుకున్నాం.

"యేసు ప్రభువు బాగుచేయలేదా?"

చేశాడు. ఇప్పుడూ చేస్తాడు. మేము స్వస్థతకు వ్యతిరేకం కాదు. రోగుల కోసం ప్రార్థన మానం. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం సంఘ పెద్దలు వెళ్లి, నూనె రాసి ప్రార్థన చేయాలి. గమనించండి, పెద్దలు రోగి దగ్గరికి వెళ్లాలి అని ఉంది. రోగి సీసా కొనుక్కోవాలి అని లేదు.

కానీ యోహాను సువార్త 6వ అధ్యాయం మొత్తం ఒక్కసారి కూర్చుని చదవండి. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ప్రభువు ఐదువేల మంది పురుషులకు కడుపు నింపాడు. మర్నాడు అదే జనం సముద్రం దాటి వెతుక్కుంటూ వచ్చారు. మనమైతే ఉజ్జీవం వచ్చిందంటాం. ప్రభువు మాత్రం వాళ్ల ముఖం మీదే, మీరు రొట్టెలు తిన్నారు గనుక వచ్చారు అనే అర్థంతో చెప్పాడు. రెండోసారి రొట్టెలు పంచలేదు. తానే జీవాహారమని బోధించాడు. ఆ బోధ కఠినంగా ఉందని చాలామంది వెళ్లిపోయారు. ఆయన వెనక పరుగెత్తలేదు. మిగిలిన పన్నెండుమందిని, మీరు కూడా వెళతారా అని అడిగాడు. ఐదువేలు ఉన్న సభ పన్నెండుకు వచ్చింది. ఆ ప్రభువును ఈ రోజు మన ఫెలోషిప్‌లో ఎవరైనా సభలకు పిలుస్తారా?

ఇంకొకటి ఆలోచించండి. ప్రభువు బాగుచేసినవాళ్లలో ఒక్కరైనా ఇప్పుడు బతికి ఉన్నారా? యాయీరు కుమార్తె ముసలిదై చనిపోయి ఉంటుంది. బేతనియ లాజరును సమాధిలో నుండి పిలిచాడు. ఆ లాజరుకు మళ్లీ చావు వచ్చింది, మళ్లీ సమాధి కట్టారు. ఈ లోకంలో జరిగే ప్రతి స్వస్థతకూ గడువు ఉంది. గడువు లేనిది ఒక్కటే, అదే నిత్యజీవం. గడువు ఉన్నదాన్ని పెద్ద అక్షరాల్లో రాసి, గడువు లేనిదాన్ని అసలు రాయకపోవడం ఏ న్యాయం?

"నమ్మకం ఉంటే తప్పకుండా జరుగుతుంది" అని బోధించేవాళ్లు హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం సగంలో ఆపేస్తారు. 35వ వచనంలోనే ఆ అధ్యాయం రెండుగా చీలిపోతుంది. విశ్వాసంతో కొందరు చచ్చినవాళ్లను తిరిగి పొందారు. అదే విశ్వాసంతో ఇంకొందరు హింసలు పడ్డారు, రాళ్లతో కొట్టబడ్డారు, కత్తికి బలయ్యారు. ఆ రెండు గుంపుల విశ్వాసం ఒక్కటే. రెండో గుంపుకు నమ్మకం చాల్లేదని వాక్యం చెప్పడం లేదు. పౌలు తన ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వెళ్లాడు. ఇవన్నీ మన బైబిల్లోనే ఉన్నాయి. వీటిని దాచిపెట్టినందుకే ఒక విధవరాలు "నా నమ్మకం చాల్లేదంటారా" అని మమ్మల్ని అడగాల్సి వచ్చింది. భర్తను పోగొట్టుకున్న ఆమె మీద మేము నేరం కూడా మోపాం.

"ముందు రొట్టెల కోసం రానివ్వండి, తర్వాత నేర్చుకుంటారు" అని కొందరు పెద్దలు అంటారు. ఎప్పుడు నేర్పుతాం? ఎనిమిది నెలలు మాకు చాల్లేదు. పని అయినవాడు మొక్కు తీరిందని వెళ్లిపోతాడు. పని కానివాడు మోసపోయామని వెళ్లిపోతాడు. ఇద్దరూ క్రీస్తును చూడకుండానే వెళ్లిపోతారు.

గేహజీ పరుగు

రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు పోయాక కానుకలు ఇవ్వబోతే ఎలీషా ముట్టలేదు. ఎందుకు? దేవుని కృపకు ధర లేదని ఆ అన్యుడు తెలుసుకుని ఇంటికి వెళ్లాలి. గేహజీకి అది నష్టంగా కనబడింది. రథం వెనక పరుగెత్తి, అబద్ధం చెప్పి, రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు తెచ్చుకున్నాడు. నయమానును విడిచిన కుష్ఠు అతన్ని పట్టుకుంది.

సేవకులమైన మాకు ఈ అధ్యాయం చదివితే కాళ్లు వణకాలి. నూనె సీసాకు కానుక, జేబురుమాలుకు కానుక, ప్రత్యేక ప్రార్థనకు ప్రత్యేక కానుక. ఇది గేహజీ పరుగు కాదా? సభల్లో చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టి, రెండు ఫొటోలు కలిపి, సహాయం చేసేవాళ్లకు రిపోర్టు పంపడం గేహజీ పరుగు కాదా? మేమూ పంపాం. ఒక క్రిస్మస్‌కి చీరలు పంచుతుంటే వరసలో నిలబడినవాళ్లందరినీ "రక్షణ పొందినవారు" అని ఇంగ్లీషులో రాసి పంపిన రిపోర్టు ఒకటి మా బీరువాలో ఇంకా ఉంది. అది చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

బయటివాళ్లు, "మీరు ఆశచూపి మతం మారుస్తున్నారు" అంటే మనకు రోషం వస్తుంది. అబద్ధపు నిందలు చాలానే ఉన్నాయి, వాటితో బాధపడిన సేవకులను మేము ఎరుగుదుం. అయినా రోషపడే ముందు మన ఫ్లెక్సీ మనమే ఒకసారి చదువుకుందాం. ఉద్యోగం, వీసా, సంతానం అని రాసుకున్నది వాళ్లు కాదు, మనమే. క్లౌ గారు 15 నెలలు తలుపు మూసింది ఈ నింద నిజం కాకూడదనే. మనం అదే నిందను రంగుల్లో అచ్చు వేయించి రోడ్డు మీద కడుతున్నాం.

విశ్వాసులైన మీరు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. "పాస్టరుగారు పాపం, తీర్పు అంటుంటే నిద్ర వస్తుంది, ఫలానా ఆయన మీటింగుకు వెళితే ధైర్యం వస్తుంది" అని మీలో కొందరు అన్నది మా చెవిన పడింది. మీరు అడిగినదే మేము వడ్డించాం. మేము వడ్డించినదే మీరు మళ్లీ అడిగారు. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు తేల్చుకోనక్కర్లేదు. ఎవరో ఒకరు ఆపాలి. మేము ఆపుతున్నాం.

మరి ఏం చెప్పాలి?

రక్షణ అంటే కష్టాల నుండి తప్పించుకోవడం కాదు. దేవునికి మనం విరోధులమై ఉన్నాం. మన పాపానికి శిక్ష ఉంది. ఆ శిక్షను దేవుని కుమారుడు సిలువ మీద భరించాడు, మూడో రోజున లేచాడు. ఆయనను నమ్మి, పాపం విడిచి ఆయన వైపు తిరిగినవాడికి క్షమాపణ ఉంది, ఇప్పుడే నిత్యజీవం ఉంది, రేపు శరీర పునరుత్థానం ఉంది. ఇదే సువార్త. దీన్ని చెప్పడానికి మైకు అక్కర్లేదు, డిప్లొమా అక్కర్లేదు. పేరయ్య గారికి ఏ డిప్లొమా ఉంది?

దీనికి కష్టాల్లో ఉన్నవాడితో సంబంధం లేదనుకోకండి. లూకా 16లో ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరుకు పుండ్లు మానలేదు, పని కాలేదు, కడుపు నిండలేదు. అయినా అతను ఓడిపోయినవాడు కాదు. మన ఫ్లెక్సీ లెక్కన లాజరు సాక్ష్యం చెప్పడానికి పనికిరాడు. ప్రభువు లెక్కన అబ్రాహాము పక్కన కూర్చున్నాడు. ఆశీర్వదించబడినవాడిగా ఊరంతా ఎరిగిన ధనవంతుడేమో ఒక్క చుక్క నీటి కోసం కేక పెట్టాడు. క్రీస్తునందు మన నిరీక్షణ ఈ జీవితం మట్టుకే అయితే మనకంటే దౌర్భాగ్యులు ఎవరూ లేరనే అర్థంలో పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 15:19). ఈ జీవితం మట్టుకే ఉన్న క్రీస్తును ప్రకటిస్తే మనం పంచేది ఆ దౌర్భాగ్యమే.

కాబట్టి మన సంఘంలో ఇక నుండి మూడు సంగతులు పాటిద్దాం.

ఒకటి. పక్కింటివాళ్లను మందిరానికి పిలిచేటప్పుడు "పనులవుతాయి" అనే మాట నోట రానివ్వకండి. "నా పాపాలు క్షమించినవాడు ఒకడున్నాడు, ఆయన గురించి వినడానికి రా" అనండి. పొద్దున్నే ఐదు గంటలకు వందమందికి పంపే వాక్యం బొమ్మ కంటే, సాయంత్రం అరుగు మీద ఒక్కరితో చెప్పే ఈ ఒక్క మాట మేలు. రాకపోతే రాకపోనివ్వండి. ప్రేమించడం మానకండి.

రెండు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి, రక్తం కావాలంటే ఇవ్వండి. ప్రార్థన చేసుకోనివ్వండని ఒక్కసారి అడగండి, వద్దంటే మానేయండి. చేసిన సహాయానికి బదులుగా ఎవరినీ మందిరానికి పిలవకండి. సహాయం అందుకుంటున్న కుటుంబం బాప్తిస్మం అడిగితే, ఆ సహాయం ఆగాక కొంతకాలం చూసి ఇస్తాం. పెద్దలతో మాట్లాడి ఈ మాట సంఘ పుస్తకంలో రాయిస్తాం.

మూడు. రోగి దగ్గర చావు మాట ఎత్తడం అవిశ్వాసం కాదు. దానియేలు 3వ అధ్యాయంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో మా దేవుడు తప్పించగలడని చెప్పి, ఒకవేళ తప్పించకపోయినా మేము మొక్కం అన్నారు. ఆ "ఒకవేళ" అవిశ్వాసమా? మేము ఇక మంచం పక్కన ప్రార్థన చేసినప్పుడు బాగుచేయమని అడుగుతాం. తప్పక బాగవుతుందని దేవుని పేరున మాట ఇవ్వం. చచ్చిపోతే ఏమవుద్దని ఎవరైనా అడిగితే చెప్పులు విప్పి కూర్చుని, బైబిలు తెరిచి, ఎంత పొద్దుపోయినా జవాబు చెప్పాకే లేస్తాం.

ఆ చెల్లెమ్మ దగ్గరికి పోయిన నెల మా అమ్మగారితో కలిసి వెళ్లాం. ఆయన అడిగిన ప్రశ్న, మేమిచ్చిన జవాబు దాచకుండా చెప్పి క్షమించమని అడిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "మరి ఆ జవాబేందో నాకన్నా చెప్పండి" అంది. చెప్పాం. మధ్యలో లేచి పొయ్యి మీద అన్నం దించి వచ్చి మళ్లీ కూర్చుంది. ఇంకా మందిరానికి రావడం లేదు. వస్తుందని మేము ఎవరికీ మాట ఇవ్వడం లేదు. ఆమె కోసం ప్రార్థించండి. దయచేసి ఆమెను పిలవడానికి ఎవరూ ఎగబడి వెళ్లకండి.

ఇక ఫ్లెక్సీ సంగతి. తమ్ముడూ, మా ఫొటో తీసేయి. పట్టిక తీసేయి. ఖాళీ అయిన చోట పెద్ద అక్షరాలతో ఇలా రాయించు: "చచ్చిపోతే ఏమవుతుంది? చనిపోయి లేచిన యేసును గురించి విందాం రండి." కింద తేదీలు, చోటు, సమయం చాలు. జనం తక్కువ వస్తే ఆ తప్పు మా మీద వేసుకుంటాం. షామియానా చిన్నది చెప్పు, డబ్బులు మిగిలితే ఒంగోలు డయాలసిస్‌కి వెళ్లి వచ్చేవాళ్ల బస్సు ఛార్జీలకు ఇద్దాం. మతం, కులం అడగకుండా ఇద్దాం.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, నీ పేరు చెప్పి నీవు ఇవ్వని మాటలు మేము ఇచ్చాం, క్షమించు. మా నోటి వల్ల నొచ్చుకుని నీకు దూరమైనవాళ్లను నీవే వెతుకు. చావబోయే మనుషులకు చావబోయే మనుషులుగా, నీలో బతికినవాళ్లుగా మేము చెప్పే ధైర్యం దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.